ఉమ్మడి సంతకం

సంతకం పెట్టాల్సిన చోట ఆయన పెన్సిలుతో వేసిన గుర్తు తెల్లారేసరికి లేదు. అక్కడ కాగితం కొంచెం గరుకు తేలింది, పక్కన రబ్బరు పొడి మిగిలింది. ఎవరు చెరిపారని అడిగే పని లేదు. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరు, అందులో ఒకరు ఆయనే.

పెళ్ళయిన నాటి నుంచీ వాళ్ళింటి పద్ధతి అది. బ్యాంకు కాగితం కానివ్వండి, ఆస్పత్రి కాగితం కానివ్వండి, ముందు ఆయన చదువుతారు. తప్పులుంటే దిద్దుతారు. తర్వాత భార్య సంతకం చెయ్యాల్సిన చోట పెన్సిలుతో చిన్న ఇంటూ మార్కు వేసి బల్ల మీద పెడతారు. ఆవిడ తడిచేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి, ఆ మార్కు మీద సంతకం గీకి, పొయ్యి మీదున్నది మాడకముందే వెనక్కి వెళ్ళిపోతుంది. ఏం కాగితమని ఏనాడూ అడగలేదు. ప్రభుత్వ ముద్రణాలయంలో ఉద్యోగ జీవితమంతా ప్రూఫులు దిద్దిన మనిషి చదివాక మళ్ళీ తను చదవడమేమిటని ఆవిడ ఉద్దేశం.

చుట్టాలందరికీ ఆయన ప్రూఫులాయనే. ఎవరైనా శుభలేఖ పంపితే అందులో తప్పులు దిద్ది తిప్పి పంపిన ఘనుడు. ఆవిడ పెద్దాస్పత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది కాబట్టి సిస్టరమ్మ. ఈ పరాయి దేశానికి వచ్చాక కూడా ఆ పేర్లే వాళ్ళతోపాటు విమానమెక్కి వచ్చాయి.

ఈసారి మాత్రం సిస్టరమ్మ కాగితం చదివింది. కారణం పెద్దదేమీ కాదు, కళ్ళజోడు కొత్తది. కొత్త అద్దాల్లోంచి ఏది కనిపిస్తే అది చదువుతోంది వారం రోజులుగా, సబ్బు పెట్టె మీద అక్షరాలతో సహా. అలా పన్ను రిటర్ను కూడా చదివింది. నాలుగో పేజీలో ఆగింది. "స్వదేశంలో మీరు ఎప్పుడు వెళ్ళినా ఉండడానికి వీలైన నివాసం ఉందా?" అని ప్రశ్న. ఎదురుగా ఆయన గుండ్రటి అక్షరాలతో "లేదు" అని జవాబు. దాని కింద, పైన చెప్పినదంతా నిజమని మేమిద్దరం ప్రమాణం చేస్తున్నామంటూ రెండు ఖాళీలు.

రాత్రి తింది, గిన్నెలు కడిగింది, పడుకుంది. పొద్దున్నకి కాగితం మీద పెన్సిలు గుర్తు లేదు.

"చెరిపావా?" అన్నారు ప్రూఫులాయన టీ కప్పుతో బల్ల దగ్గర కూర్చుంటూ.

"చెరిపాను."

"ఎందుకూ?"

"తప్పు కనిపించింది."

ఈ మాట ఆయనకు కొత్త. జన్మంతా పక్కవాళ్ళ తప్పులు చూపించి జీతం తీసుకున్న మనిషి. ఆయన తప్పుని ఇంకొకరు చూపించడం ప్రెస్సులో కూడా ఎప్పుడోగానీ జరగలేదు. కప్పు కింద పెట్టారు.

"ఎక్కడ?"

"నాలుగో పేజీ."

ఆయన ఆ పేజీ తియ్యలేదు. తియ్యకుండానే తెలిసినట్టు కిటికీ వైపు చూశారు. కింద బస్సులు నిలిపే ఆవరణలో ఎవరో బస్సు అద్దాలు కడుగుతున్నారు.

"సాయంత్రం లోపల ఆడిటరమ్మకివ్వాలి. ఇవాళే ఆఖరు రోజు. ఇద్దరి సంతకాలతో వెళ్ళకపోతే వచ్చే నెల నుంచి నీదీ నాదీ పింఛను ఆపేస్తారు," అన్నారు.

"ఆపనివ్వండి."

"ఆపితే ఏం తింటాం?"

"అది నాలుగో పేజీ రాసేటప్పుడు ఆలోచించాల్సింది."

ఇక్కడ కొంచెం నియమం చెప్పుకోకపోతే కథ అడుగు ముందుకు పడదు. రిటైరై పరాయి దేశంలో ఉంటున్నవాళ్ళు పింఛనిచ్చే స్వదేశానికి ఏటా రిటర్ను పంపాలి. మొదటి మూడేళ్ళూ "తాత్కాలికంగా విదేశంలో" అన్న గడిలో టిక్కు పెట్టి నెట్టుకొచ్చారు. నాలుగో ఏడు ఆ గడి ఉండదు. మీరు అక్కడి వాళ్ళా ఇక్కడి వాళ్ళా తేల్చుకోండంటుంది పన్నుల శాఖ. అక్కడ ఇల్లుందని రాస్తే అక్కడా కట్టాలి, ఇక్కడా కట్టాలి.

"మనకి ఇల్లుంది," అంది సిస్టరమ్మ. గొంతు పెంచలేదు. వార్డులో రోగికి మందు పేరు చెప్పినట్టు చెప్పింది. "మీ తమ్ముడి వాటా మీద మూడు గదులు. నా చేత్తో తాళం వేసొచ్చాను."

"అవి గదులు."

"గదుల్నే ఇల్లంటారు. మరి దీన్నేమంటారు?"

దీన్ని అంటే, వాళ్ళిప్పుడు ఉంటున్న దాన్ని. మూడో అంతస్తులో ఒకటిన్నర గది. మంచం నుంచి వంటింటికి వెళ్ళాలంటే కుర్చీ జరపాలి, కుర్చీ జరపాలంటే ముందు బల్ల జరపాలి.

"రెండు పడవల మీద కాళ్ళు పెట్టలేం," అన్నారాయన.

"పెట్టమనలేదు. నేనిప్పుడు వెళ్ళిపోదామని కూడా అనట్లేదు. ఈ పొడిగాలి మీ ఊపిరితిత్తులకి పడిందని నాకన్నా ఎవరికి తెలుసు? రెండు చలికాలాలని వచ్చాం, నాలుగయ్యాయి. నేనేమన్నా అన్నానా?"

"అనలేదు."

"ఒక్క మాటే అడుగుతున్నా. వెళ్ళడానికి చోటుందని రాయండి. అంతే. పన్ను పడితే పడుతుంది. నేను ఆదివారాలు రెండో అంతస్తు ముసలావిడకి డబ్బులకి కట్లు కడుతున్నాగా, ఇంకో ఇద్దరికి కడతాను."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టారు. వాదన ఎటూ పోనప్పుడు ఆయన చేసే పని అది. ఆవిడకు ఆ తుడవడం అంటే ఒళ్ళుమంట. కానీ ఈ పొద్దున మండటానికి కూడా ఓపిక లేదు.

"మీరు బతుకులో అబద్ధం రాసిన మనిషి కాదు," అంది. "పక్కింటివాళ్ళ కుర్రాడి వయసు ఒక ఏడాది తగ్గించి రాయమంటే రాయనని చెప్పి వాళ్ళతో మాటలు మానుకున్నారు. ఈ వయసులో నా చేత అబద్ధం మీద సంతకం ఎందుకు పెట్టిస్తున్నారు?"

"అది అబద్ధం కాదు."

"గదులకీ ఇంటికీ తేడా చెప్తారు మళ్ళీ. చెప్పండి, వింటాను."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, కాగితాలు సంచిలో వేసుకుని, ఆడిటరమ్మని ఒకసారి అడిగొస్తానని లేచారు. తలుపు దగ్గర చెప్పులేసుకోవడానికి మామూలు కన్నా ఎక్కువసేపు పట్టింది. ఆవిడ చూస్తూనే ఉంది. ఈయన ఏదో మింగలేక కక్కలేక తిరుగుతున్నారని ఆవిడకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. అన్నేళ్ళ నమ్మకం కదా, దానికీ చత్వారం వస్తుంది.

* * *

ఆడిటరమ్మ ఉండేది అదే భవనంలో, కింద అంతస్తులో, లిఫ్టు పక్కన. ఆవిడా వీళ్ళ దేశం మనిషే, వీళ్ళలాగే రిటైరై వచ్చింది. లెక్కలు చూసే అలవాటు పోక చుట్టుపక్కల పింఛనుదార్లందరి రిటర్నులూ ముందుగదిలో కూర్చుని నింపి పంపుతుంది. ఆఖరు రోజు కాబట్టి గుమ్మం బయట కుర్చీలు నిండి ఉన్నాయి. ఒకాయన కాగితాలు ఒళ్ళో పెట్టుకుని నోరు తెరిచి నిద్రపోతున్నాడు.

ప్రూఫులాయన వంతు వచ్చేసరికి ఆడిటరమ్మ గొంతు జీరపోయి ఉంది.

"కూర్చోండి అన్నయ్యగారూ. మీ కాగితాలంటే నాకు పండగ. ఒక్క కొట్టివేత ఉండదు," అంటూ చివరి పేజీ తీసింది. "సంతకం ఏదీ?"

"పెట్టాను కదా."

"మీది సరే. వదినది?"

"పెడుతుంది."

"పెట్టాక రండి మరి. ఉమ్మడి రిటర్ను అంటే ఇద్దరూ పెట్టాలి. ఒక్క చేత్తో చప్పట్లు మోగవు కదా."

"తనది లేకుండా పంపే వీలుందేమోనని..."

ఆడిటరమ్మ తల ఎత్తి చూసింది. ఇంతమంది మొగుడూపెళ్ళాల కాగితాలు చూసిన మనిషికి ఆ వాక్యం పూర్తవ్వాల్సిన అవసరం లేదు. లేచి వెళ్ళి గుమ్మం తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"ఏమంటోంది వదిన?"

"నాలుగో పేజీ అంటోంది."

"అంటుంది. నాలుగో పేజీ దగ్గర అందరికీ గొంతులో పచ్చి వెలక్కాయే." ఆ పేజీ తిప్పి చూసి, మళ్ళీ చూసింది. "అవును గానీ, పోయినేడు ఇక్కడే కూర్చుని, మా తమ్ముడింటి మీద మూడు గదులున్నాయండీ అన్నారు మీరే. ఇప్పుడు లేదని రాశారేం?"

"అప్పుడున్నాయి."

"ఇప్పుడేమయ్యాయి?"

"అద్దెకిచ్చేయమన్నాను తమ్ముణ్ణి. ఇచ్చేశాడు. ఒప్పందం నకలు వెనకాల జతచేశాను, చూడండి."

ఆడిటరమ్మ నకలు చూడలేదు. ఆయన్ని చూసింది.

"వదినకి తెలుసా?"

ప్రూఫులాయన బల్ల మీదున్న గుండుసూదుల డబ్బాని తిన్నగా జరిపారు. అది తిన్నగానే ఉంది.

"తెలీదన్నమాట."

"మీరే కదా అన్నారు, రెండే దారులని. ఉందని రాసి రెండు చోట్లా కట్టడం, లేదా లేదని రాయడం. లేదని రాయాలంటే నిజంగా లేకుండా ఉండాలి అన్నారు."

"అన్నాను. అంటే ఆలోచించుకోండి, ఇంట్లో మాట్లాడుకోండి అని. వెళ్ళి ఇల్లు లేకుండా చేసుకోండి అని కాదు."

"తప్పు రాయలేనండీ నేను," అన్నారాయన. ఆ గొంతులో గర్వం లేదు. అదేదో పాత జబ్బు గురించి చెప్పినట్టు చెప్పారు. "రాయాలని కూర్చున్నాను. చెయ్యి రాలేదు."

"మామూలు మనుషులు ఉన్నదాన్ని బట్టి కాగితం నింపుతారు అన్నయ్యగారూ. మీరు కాగితాన్ని బట్టి ఉన్నదాన్ని మార్చేశారు."

బయట నిద్రపోతున్నాయన గురక తలుపు సందులోంచి వినిపిస్తోంది.

"పైకెళ్ళి చెప్పండి," అంది ఆడిటరమ్మ. "మీ నోటితో వినాలి. ఇంకెవరి నోటి నుంచైనా వింటే గోరుచుట్టు మీద రోకటిపోటే. సాయంత్రం దాకా నేను ఇక్కడే చస్తాను, ఎక్కడికీ పోను."

ఆయన లేచారు. కానీ లిఫ్టెక్కలేదు. భవనం చుట్టూ ఒకసారి నడిచొస్తే మాటలు కుదురుతాయనుకున్నారు. ఒకసారి నడిచారు, కుదరలేదు. ఇంకోసారి నడిచారు. జీవితంలో ఇంకొకరి వాక్యాలు ఎన్నైనా సరిచేశారు గానీ, సొంతంగా ఒక్కటి కూర్చుకోవడం ఇంత కష్టమని ఆయనకు తెలియదు.

* * *

ఆయన అలా ప్రదక్షిణాలు చేస్తున్నంతసేపూ పైన సిస్టరమ్మ తోటికోడలికి ఫోను కలుపుతోంది.

ఆవిడ ఒక నిర్ణయానికొచ్చింది. ఈ ఎండాకాలం ఒక్క నెల వెళ్ళి వస్తుంది. ఆయన రాలేకపోతే తనొక్కతే వెళ్తుంది. ఇన్‌హేలర్లు సర్ది, అన్నం వండుకోవడం నేర్పి, కింద ఆడిటరమ్మకి అప్పజెప్పి వెళ్తుంది. వెళ్ళి ఆ గదుల్లో నెల్లాళ్ళుంటే అప్పుడది ఇల్లు కాదని ఎవరంటారో చూద్దాం. ఆ ఆలోచన రాగానే చాలా రోజుల తర్వాత ప్రాణానికి కాస్త హాయిగా అనిపించింది.

"ఏమ్మాయ్, బాగున్నావా? పైన గదుల కిటికీలు ఒకసారి తెరిపించు. పరుపులు ఎండలో వేయించు. తాళం చెవి పంపుతాను ఎవరితోనైనా."

అవతల తోటికోడలు బాగానే ఉన్నానక్కా అని, పిల్లల చదువులు చెప్పి, కుళాయి నీళ్ళు చెప్పి, కిటికీల సంగతి మాత్రం ఎత్తలేదు.

"వింటున్నావా? కిటికీలు."

"ఒకసారి మా ఆయనతో మాట్లాడండక్కా. సాయంత్రం వస్తారు."

"కిటికీలు తెరవడానికి మీ ఆయనతో మాట్లాడాలా?"

అప్పుడు ఫోన్లోంచి ఒక చప్పుడు వినిపించింది. బరువైనదేదో నేల మీద ఈడ్చినట్టు. అది తోటికోడలి గదిలోది కాదు. పైనుంచి వస్తోంది. ఇరవై ఏళ్ళకు పైగా ఆ ఇంట్లో ఉన్న మనిషికి ఆ కప్పు ఏ చప్పుడుకి ఎలా పలుకుతుందో వేరే చెప్పక్కర్లేదు.

"పైన ఎవరు?"

తోటికోడలు కుళాయి నీళ్ళ సంగతి మళ్ళీ ఎత్తబోయింది.

"నిన్నే. పైన ఎవరున్నారు?"

"అద్దెకున్నవాళ్ళక్కా," అంది తోటికోడలు చిన్నగా. "బావగారు చెప్పలేదా?"

సిస్టరమ్మ కుర్చీ వెతుక్కుంది. కుర్చీ జరపాలంటే బల్ల జరపాలి. జరపకుండా మంచం అంచున కూర్చుంది.

"ఎప్పటి నుంచి?"

"కొన్ని నెలలైంది. మీకు తెలిసే ఇచ్చారనుకున్నానక్కా. మీ ఇంట్లో ఏదైనా ఇద్దరూ సంతకం పెట్టాకే కదా."

"తాళం నా దగ్గరుందిగా."

"పగలగొట్టించారు. పాతది కదక్కా, ఒక్క దెబ్బకే వచ్చేసింది."

"నా సామాను?"

"చీరల పెట్టె నా గదిలో ఉంది. ఫొటోలూ అవీ కూడా తీసి పెట్టాను. బీరువా, మంచాలూ పెట్టడానికి చోటు లేక ఇచ్చేశాం. బావగారే ఇచ్చేయమన్నారు. మీ కుట్టుమిషను మాత్రం ఇవ్వనివ్వలేదు నేను. వంటింట్లోనే పెట్టాను, కాళ్ళకి తగుల్తున్నా సరే." తోటికోడలు ఒకే గుక్కలో చెప్పి ఆగింది. "కోపమొచ్చిందా అక్కా?"

కోపం కాదు. కోపమైతే ఏదో ఒకటి అనేది. అలసట. వరసగా మూడు రాత్రులు డ్యూటీ చేసి ఇంటికొస్తే తలుపు ఎవరూ తియ్యనప్పుడు ఉండేది ఇలా.

"మంచివాళ్ళేనా?" అంది చివరికి.

"ఎవరూ?"

"వాళ్ళే. అద్దెకున్నవాళ్ళు."

"మంచివాళ్ళేనక్కా. ముసలాయనకి పక్షవాతం. కూతురు ఉద్యోగం మానేసి చూసుకుంటోంది."

"స్నానాలగదిలో పంపు దగ్గర నేల జారుతుంది. గోనెపట్టా వేయమని చెప్పు. ఆయన్ని పట్టుకునేటప్పుడు చంకలో చెయ్యి వేసి లేపొద్దని చెప్పు ఆ అమ్మాయికి, భుజం జారుతుంది. నడుము దగ్గర పట్టుకోమను."

"చెప్తానక్కా."

"ఉంటాను."

* * *

ప్రూఫులాయన పైకి వచ్చేసరికి ఫోను బల్ల మీద ఉంది. ఆవిడ ఎదురుగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. భవనం చుట్టూ తిరిగి కూర్చుకున్న వాక్యం ఆయన నోట్లోనే ఉండిపోయింది.

"తాళం పగలగొట్టించారట," అంది.

ఆయన తలుపు మూసి, మూసిన తలుపుకే ఆనుకుని నిలబడ్డారు.

"తాళం చెవి అడిగితే ఎందుకని అడుగుతావు."

"అడుగుతాను మరి."

"అడిగితే చెప్పాలి."

"చెప్పాలి మరి. అంత కష్టమా అది?"

కింద బస్సు ఒకటి వెనక్కి వస్తూ కీచుకీచుమంటోంది.

"నేనడిగేదానికి తిన్నగా చెప్పండి," అంది సిస్టరమ్మ. "కాగితంలో నిజం రాయాలని చేశారా, నేనెక్కడ వెళ్ళిపోతానోనని భయపడి చేశారా?"

ఆయన కళ్ళజోడు తియ్యబోయి, మానుకున్నారు.

"రెండూ," అన్నారు.

"మొదటిది నాకు తెలుసు. రెండోది చెప్పండి."

"నువ్వు వెళ్తే తిరిగి రావు."

"రానని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. ఇక్కడ నీకేముంది రావడానికి? నా దగ్గూ, ఈ గదీ. అక్కడ నీ మనుషులున్నారు. అక్కడ సందు మొదట్లోంచే అందరూ సిస్టరమ్మా అని పిలుస్తారు. ఒకసారి వెళ్తే..." అంటూ ఉండగానే ఆయనకు ఊపిరి అడ్డుపడింది. గొంతులోంచి సన్నటి ఈల మొదలైంది. తలుపు పట్టుకుని ముందుకి వంగారు.

ఆవిడ లేచింది. లేవాలని అనుకుని లేవలేదు. కాళ్ళే లేచాయి. కిటికీ దగ్గర ఇన్‌హేలర్ తీసి, ఆడించి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నోట్లో పెట్టింది.

"గాలంతా వదిలేయండి. ఇప్పుడు పీల్చండి. పట్టుకోండి. పట్టుకోండి. వదలండి."

మళ్ళీ ఒకసారి. ఆయన వీపు మీద ఆవిడ అరచెయ్యి ఉంది. ఆ చేతి కింద ఈల సన్నబడి, సన్నబడి ఆగింది. పోట్లాట అక్కడే, ఆగిన చోటే, వాళ్ళిద్దరి కోసం ఎదురుచూస్తోంది.

"నయమైందా?"

ఆయన తలూపారు.

"అయితే వినండి." చెయ్యి వీపు మీంచి తీసేసింది. "మీరు ముందే చెప్పుంటే నేను ఒప్పుకునేదాన్ని. పోట్లాడి, ఏడ్చి, చివరికి ఒప్పుకునేదాన్నే. మీ ఊపిరి కన్నా నాకు గదులు ఎక్కువా? నా బాధంతా అదే. అడిగితే నేనిచ్చేదే, దాన్ని మీరు తాళం పగలగొట్టి తీసుకున్నారు."

"తప్పే," అన్నారాయన.

"ఏనాడూ చదవకుండా సంతకాలు పెట్టాను. వాటిలో ఇంకేం ఉన్నాయో నాకు తెలీదు."

"ఇంకేం లేవు. ఒట్టు."

"ఉండవు. నాకు తెలుసు. కానీ ఇవాళ్టి నుంచి లేవని నమ్మడానికి కూడా నేను కష్టపడాలి. నాకంత ఓపిక లేదండీ. అలిసిపోయాను."

ఆవిడ ముఖం కడుక్కుంది. జుట్టు సరిచేసుకుంది. ఆయన తెచ్చి పడేసిన సంచిలోంచి తన పింఛను కాగితాలు మాత్రం ఏరి తీసుకుంది. ఆయన చూశారు గానీ, సంతకం పెట్టడానికే వెళ్తోందనుకున్నారు. ఎంతైనా ఆవిడ మాట పట్టుకుని తెగేదాకా లాగే మనిషి కాదని ఆయన ధైర్యం. ఉమ్మడి రిటర్ను చేత్తో పట్టుకుని వెనకే బయల్దేరారు. లిఫ్టులో ఇద్దరూ అంకెలు మారడం చూస్తూ నిలబడ్డారు.

* * *

కింద కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఆడిటరమ్మ కాళ్ళు స్టూలు మీద చాపుకుని కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. ఇద్దరూ కలిసి రావడం చూసి ఆవిడ ముఖం తేలికపడింది.

"రా వదినా. ఇదుగో, ఇక్కడ పెట్టెయ్. అయిపోతుంది."

సిస్టరమ్మ కలం అందుకోలేదు.

"నాకు వేరేగా వెయ్యొచ్చా వదినా?"

"వేరేగా అంటే?"

"నా పింఛను నాది. నా రిటర్ను నేను వేసుకుంటాను. కుదురుతుందా?"

ఆడిటరమ్మ ప్రూఫులాయన వైపు చూసింది. ఆయన కూడా ఆమె వైపే చూస్తున్నారు, కుదరదని చెప్తే బాగుండునన్నట్టు.

"కుదురుతుంది," అంది ఆడిటరమ్మ నెమ్మదిగా. "కానీ ఉమ్మడికుండే రాయితీ పోతుంది. ఇద్దరికీ ఎక్కువే పడుతుంది."

"పడనీ."

"ఇంకోసారి ఆలోచించుకో. ఇలా ఒకసారి విడిగా వేస్తే, మళ్ళీ కలపాలంటే నానా తంటాలు."

"ఆలోచించే వచ్చాను. నింపు."

ఆడిటరమ్మ స్టూలు మీంచి కాళ్ళు దించింది. కొత్త ఫారం తెర మీదకు వచ్చింది. పేరు, వయసు, ఉద్యోగం. సిస్టరమ్మ ఒక్కొక్కటీ చెప్తోంది. ఆడిటరమ్మ వేళ్ళు ఒక్కొక్కటీ కొడుతున్నాయి. ప్రూఫులాయన గోడ దగ్గర నిలబడి ఉమ్మడి రిటర్నుని గుండ్రంగా చుడుతున్నారు, విప్పుతున్నారు. కాగితం నలిపే అలవాటు ఆయనకు లేదు.

"స్వదేశంలో నివాసం?" అంది ఆడిటరమ్మ తల ఎత్తకుండా.

"లేదు," అంది సిస్టరమ్మ.

పొద్దుటి నుంచీ ఏ మాట కోసం ఇంత రభస జరిగిందో ఆ మాట అంత తేలిగ్గా అనేసింది. ఆయన రాసినదాన్నే ఆవిడ నోటితో చెప్పింది. అక్షరం తేడా లేదు. అయినా గోడ దగ్గర మనిషి చెంపదెబ్బ తిన్నట్టు కళ్ళు మూసుకున్నారు.

"ఇంకొక్కటే ఉంది," అంది ఆడిటరమ్మ. గొంతు సవరించుకుంది. "భార్యాభర్తలు విడిగా వేసినప్పుడే అడుగుతుంది ఇది. ఏమనుకోకు వదినా, నా ప్రశ్న కాదు. ఇద్దరూ ఒకే ఇంట్లో కలిసి ఉంటున్నారా అని."

ప్రూఫులాయన ఊపిరి బిగబట్టారు. ఆయన లాంటి జబ్బు మనిషి చెయ్యకూడని పని అది. సిస్టరమ్మకు ఆ సంగతి వెనక్కి తిరక్కుండానే తెలుస్తోంది.

"ఇవాళ్టి దాకా ఉన్నానని రాయి," అంది.

"దానికి గడి లేదమ్మా. ఉన్నాను, లేను. రెండే."

సిస్టరమ్మ తెర మీద పక్కపక్కనే ఉన్న ఆ రెండు గడులనీ కొత్త కళ్ళజోడులోంచి చాలాసేపు చూసింది. తర్వాత, కిందికొచ్చాక మొదటిసారి, భర్త వైపు తిరిగింది.

"మీరు చెప్పండి," అంది. "ఏది రాస్తే దాన్ని నిజం చెయ్యడం మీకు చేతనవునుగా. ఏది పెట్టమంటారు?"

ఆడిటరమ్మ వేళ్ళు మీటల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ప్రూఫులాయన నోరు తెరిచారు.